మొదటి స్తంభం కింద పన్నెండు బిళ్ళలు

పెద్ద వరదకు రెండో ఏడు అది. పెద్ద వరదంటే మెకాంగ్ నది మా రేవు మెట్లన్నీ మింగి, బజారులోకి వచ్చి, మంగలి కుర్చీని పోలీసు ఠాణా దాకా మోసుకుపోయిన వరద. ఆ వరదలో బున్‌కొంగ్ ఇల్లు పోయింది. అవతలి ఒడ్డున లావోస్‌లో ఉన్న జూదశాల కూడా మూతపడింది. ఇల్లు పోయినందుకు బున్‌కొంగ్ ఏడవలేదు. జూదశాల పోయినందుకు మూడు రోజులు అన్నం ముట్టలేదు.

కారణం ఉంది. ఆట ఆడే బిళ్ళలు పన్నెండు అతని జేబులో మిగిలిపోయాయి. పదకొండు వెయ్యి బాత్‌లవి, ఒకటి అంచు విరిగిన ఇరవైది. జూదశాల తెరిచి ఉన్నప్పుడు అవి డబ్బు. తలుపుకు తాళం పడ్డాక చొక్కాకు బొత్తాలుగా కూడా పనికిరావు, వాటికి చిల్లుల్లేవు.

నీళ్ళు తీశాక స్తంభాల మీద కొత్త ఇల్లు కట్టారు. మాలో మొదటి స్తంభం నిలబెట్టేటప్పుడు గోతిలో వెండో బంగారమో పెడతారు. ఇల్లు చల్లగా ఉంటుందని. బున్‌కొంగ్ భార్య చన్‌పెంగ్ తన తల్లి ఇచ్చిన వెండి నాణేలు పన్నెండు తీసి, ఎర్రగుడ్డలో మూటకట్టి, బుద్ధుడి అరమీద మూడు రోజులు ఉంచింది.

పన్నెండు నాణేలు. పన్నెండు బిళ్ళలు. విధే లెక్క కుదిర్చిందనుకున్నాడు బున్‌కొంగ్.

మొదటి రోజే మూటలో బిళ్ళలు పెట్టి, వెండి తీసుకెళ్ళి బంగారం కొట్టు లిమ్ అవ్వకు అమ్మాడు. ఆ డబ్బుతో పందెం కోడిని కొన్నాడు. అది మొదటి పందెంలో ఎదుటి కోడిని ఒకసారి నిదానంగా చూసి, కంచె దూకి వెళ్ళిపోయింది. ఇప్పటికీ రాలేదు.

మూడో రోజు పూజలు చేయించే పెద్దతాత మంత్రం చదివి మూటను గోతిలో పెట్టాడు. పైన మట్టి పడింది. ఇక ఆ సంగతి భూమికీ తనకూ మాత్రమే తెలుసని బున్‌కొంగ్ రెండేళ్ళు హాయిగా నిద్రపోయాడు.

ఆ నిద్ర పాడుచేసినవాడు పీత. పీత అసలు పేరు వాళ్ళమ్మకు కూడా గుర్తులేదు. రేవులో పడవ నడుపుతాడు. చేతులు నిటారుగా పెట్టి పక్కకు నడుస్తాడు.

"ఒరే, జూదశాలను ఎవరో కొత్తవాళ్ళు కొన్నారట. పాత బిళ్ళలు తెస్తే డబ్బిస్తారట. పున్నమి రోజు సాయంత్రం నాలుగింటితో సరి. తర్వాత పైసా ఇవ్వరు" అన్నాడు.

"పున్నమి ఎల్లుండేగా. ఎప్పుడు చెప్పారు ఈ సంగతి?"

"నెల్లాళ్ళ కింద గోడకు కాగితం అంటించారు."

"నెల్లాళ్ళా? మరి ఇప్పుడా చెప్పడం?"

"నేను చదవలేదు."

"ఎందుకు చదవలేదురా?"

"నాకు చదువొచ్చని ఎవడు చెప్పాడు నీకు?"

బున్‌కొంగ్ వేళ్ళమీద లెక్క వేశాడు. పదకొండు వేల బాత్‌లు తన ఇంటి కిందే పడుకుని ఉన్నాయి. తవ్వి తెస్తే లిమ్ అవ్వ దగ్గర వెండి తిరిగి కొని, చప్పుడు కాకుండా గోతిలో పెట్టేయొచ్చు. చేసిన తప్పూ మాసిపోతుంది, ఇంకో కోడికి కూడా మిగులుతుంది. తవ్వేటప్పుడు చన్‌పెంగ్ చూసిందా, తల్లిగారి వెండి సంగతి బయటపడుతుంది. అప్పుడు ఇల్లు చన్‌పెంగ్‌ది, వీధి బున్‌కొంగ్‌ది.

మర్నాడు మధ్యాహ్నం చన్‌పెంగ్ బజారుకు వెళ్ళింది. బున్‌కొంగ్ ఇంటి కిందకు దూరి మొదటి స్తంభం పక్కన గునపం వేశాడు.

ఒక సంగతి అతను మరిచాడు. ఆ నెలే చన్‌పెంగ్ కొత్త ఫ్రిజ్జు కొంది. "చిట్టీ పాడాను" అంది. దాన్ని మెట్లెక్కించినందుకు బున్‌కొంగ్ నడుము వారం రోజులు పనిచేయలేదు. కరెంటు తీగ అక్కడికే అందుతుందని దాన్ని సరిగ్గా మొదటి స్తంభం పైన పెట్టారు.

మోకాలిలోతు తవ్వేసరికి స్తంభం మూలిగింది. మూలిగి జానెడు దిగింది. పైన ఫ్రిజ్జు తనంతట తాను రెండడుగులు నడిచి గోడను గుద్దుకుంది. గోడ మీది చేపల ఊరగాయ జాడీ పడి పగిలింది. ఏడాది ఊరిన రసం పలకల సందుల్లోంచి బున్‌కొంగ్ నెత్తిన ధారగా పడింది.

అప్పుడే చన్‌పెంగ్ బుట్టతో వచ్చింది. వంగి ఇంటి కిందకు చూసింది.

"ఏం చేస్తున్నావయ్యా?"

"చెద."

"ఎక్కడ? ఇంటికా, నీ బుర్రకా?"

"స్తంభానికే. చూద్దామని తవ్వాను."

"చెద మట్టిలో మోకాలిలోతున ఉంటుందా? వరద బురద ఎత్తమంటే నడుంనొప్పి అన్నావు. ఇప్పుడు బావి తవ్వుతున్నావు."

తల మీద ఊరగాయ కారుతుంటే ఎవరికైనా మంచి అబద్ధం తట్టదు. అయినా బున్‌కొంగ్ ప్రయత్నించాడు.

"నిజం చెబుతాను. ఇంటిదేవత నా కలలోకి వచ్చింది. కింద నాణేలు గుచ్చుకుంటున్నాయి, తీసి వేరేచోట పెట్టమంది."

"ఇల్లు నా పేరున ఉంటే నీ కలలోకి వచ్చిందా?"

"నువ్వు గురక పెడుతున్నావట."

చన్‌పెంగ్ బుట్ట దించింది.

"సరే. దేవత మాట తోసేయకూడదు. రేపు పున్నమి, మంచిరోజు. పెద్దతాతను పిలుద్దాం. పంది తల, రెండు కోళ్ళు, సారా. వీధంతటికీ భోజనం. అందరి ముందూ తీద్దాం."

"వీధంతా ఎందుకే? నేనే తీసి నీ చేతికిస్తాగా."

"దేవత సొమ్ము నువ్వు ముట్టుకోకూడదు. ఈ పూట నుంచి గోతి పక్కనే మంచం వేసుకుంటాను. గురక వినబడితే భయపడకు."

పంది తలకు బున్‌కొంగ్ సైకిలు అమ్మాడు. సారాకు పీత దగ్గర బదులు తెచ్చాడు. వచ్చే డబ్బులో పావలా వాటా ఇస్తానన్నాక గానీ పీత ఇవ్వలేదు.

అతని ఉపాయం ఒకటే. మూట పైకి రాగానే లాక్కుని, "దేవత నదిలో కలపమంది" అని రేవుకు పరుగెత్తాలి. పీత మోటారు తిప్పి ఉంచుతాడు. నాలుగింటిలోగా అవతలి ఒడ్డు.

పున్నమి రోజు ఒంటిగంటకు పెద్దతాత కూర్చున్నాడు. ఆయనకు ఎనభై మూడేళ్ళు. మంత్రం సగంలో మరిచిపోతే మళ్ళీ మొదటినుంచి చదువుతాడు. మూడుసార్లు మరిచాడు. రేవు నుంచి పీత మోటారు చప్పుడు వినబడుతూనే ఉంది. పంది తల బున్‌కొంగ్ వైపే చూస్తూ ఉంది.

"తాతా, కొంచెం తొందరగా" అన్నాడు బున్‌కొంగ్.

"తొందరెందుకురా? దేవత ఎక్కడికీ పోదు" అని తాత నాలుగోసారి మొదలెట్టాడు.

మూడింటికి మూట పైకొచ్చింది. బున్‌కొంగ్ చెయ్యి చాపాడు. చన్‌పెంగ్ ఆ చేతిలో సారా గిన్నె పెట్టింది.

తాత ముడి విప్పాడు. వీధంతా మెడలు చాపింది. బున్‌కొంగ్ కళ్ళు మూసుకున్నాడు.

"ఆహా, మంచి వెండి" అన్నాడు తాత.

బున్‌కొంగ్ ఒక కన్ను తెరిచాడు. పన్నెండు వెండి నాణేలు. అత్తగారి నాణేలే.

"మెరుపేమీ తగ్గలేదమ్మా చన్‌పెంగ్" అంది లిమ్ అవ్వ కోడి కాలు కొరుకుతూ. "ఆవేళ నువ్వు తిరిగి కొనుక్కుపోయేటప్పుడు చింతపండుతో తోమించి ఇచ్చానుగా."

"నీ పుణ్యమే అవ్వా. నువ్వు ఆ మధ్యాహ్నమే కబురు పెట్టబట్టి, స్తంభం నిలబెట్టే వేళకు మూటలోకి చేరాయి" అంది చన్‌పెంగ్. భర్తవైపు తిరిగింది. "ఏమయ్యా, దేవతకు గుచ్చుకున్నవి ఇవేనా?"

"ఇవే" అన్నాడు బున్‌కొంగ్.

ఇంకేమంటాడు? బిళ్ళలేవని అడగాలంటే, పెట్టింది తనేనని ఒప్పుకోవాలి.

అప్పుడు పీత పక్కకు పరుగెత్తుతూ వచ్చాడు. "ఒరే, మోటారు కాలిపోతోంది. బిళ్ళలేవిరా?"

"ఏం బిళ్ళలు?" అన్నాడు పెద్దతాత.

"తలనొప్పి బిళ్ళలు తాతా. నాకు పొద్దుట్నుంచి తలనొప్పి" అన్నాడు బున్‌కొంగ్. అందులో అబద్ధం లేదు.

వీధంతా తిని, తాగి, దేవతను పొగిడి వెళ్ళింది. నాలుగు దాటింది. లారీవాళ్ళ జాకీ తెచ్చి బున్‌కొంగ్, పీత కలిసి స్తంభాన్ని పైకెత్తి రాళ్ళు పెట్టారు. పావలా వాటా ఎందులోనని పీత అడుగుతూనే ఉన్నాడు.

చివరికి ఫ్రిజ్జును దాని చోటికి తొయ్యాలి. బున్‌కొంగ్ బోర్లా పడుకుని కింద చెయ్యి పెట్టాడు. వెనక కాలికి ఎత్తు కోసం అంటించిన ముక్కేదో గుండ్రంగా, నున్నగా, ఒక అంచు విరిగి తగిలింది. లాగి చూశాడు. ఇరవై అంకె.

"ఇదేమిటే?"

"ఫ్రిజ్జు కాలు" అంది చన్‌పెంగ్, పగిలిన జాడీ పెంకులు ఏరుతూ.

"ఇది నీకెక్కడిది?"

"నువ్వు చెప్పు ముందు. అలాంటిది నువ్వెక్కడ చూశావు?"

"ఎక్కడా చూడలేదు."

"నేను మొన్నామధ్య పీత పడవలోనే అవతలికి వెళ్ళాను, దుప్పట్లు అమ్మడానికని. కాగితం చదవడం నాకు వచ్చుగా. పదకొండు బిళ్ళలకు ఫ్రిజ్జు వచ్చింది. విరిగినదాన్ని జూదశాలలో డబ్బిచ్చే కిటికీలో పిల్ల వెనక్కి తోసింది. పారేయడం ఎందుకని కాలికి పెట్టాను. ఎక్కడ తీశావో అక్కడే పెట్టు, ఊగుతుంది."

మర్నాడు పొద్దున బున్‌కొంగ్ వెండి మూటను తన చేత్తో గోతిలో పెట్టాడు. చన్‌పెంగ్ పైమెట్టు మీద కూర్చుని, రెండు చేతులూ కనబడేలా పెట్టమంది. పెట్టాడు. మట్టి పోసి, కాళ్ళతో తొక్కి, పైకి వెళ్ళి, ఫ్రిజ్జు తెరిచి తన పదకొండు వేల చల్లటి నీళ్ళు ఒక గ్లాసు తాగాడు. తలుపు మెల్లగా వేశాడు. ఊగలేదు.