మందలింపుకు తొంభై పాయింట్లు

ఆదివారం పొద్దున్నే ఆట మొదలుపెట్టాలని కళ్లద్దాల షాపతను భోజనాల బల్ల తుడిచి, పాచికలు సర్ది, వాతావరణం కోసం కిటికీ తెరలు కూడా వేశాడు. షాపులో అతని మాట వినేవాళ్లు లేరు. ఫ్రేము బాగుందంటే వద్దంటారు, బాగాలేదంటే అదే కొంటారు. ఇంట్లో సంగతి చెప్పుకోకపోవడమే మేలు. అతను చెబుతుంటే మనుషులు నోరు మూసుకుని వినేది ఈ బల్ల దగ్గరొక్కచోటే. అతను కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు అందులో మనుషులై, పాచికలేసి పనులు నెగ్గించుకునే ఆట అది. ఏడాదిగా కూర్చుని అల్లిన నల్లకోట యుద్ధం ఇవాళ జరగాలి.

అంతలో మూడో ఆటగాడు ఫోన్ చేశాడు. పన్ను నొప్పిట, దవడ వాచిందిట. ముగ్గురు లేందే ఆట సాగదు. వచ్చిన ఇద్దరూ, ఎలక్ట్రీషియనూ లెక్కల మేష్టారూ, మొహాలు చూసుకున్నారు.

"మా అమ్మని కూర్చోబెట్టండి. తోచక పొద్దున్నుంచీ నా బీరువా సర్దేస్తోంది," అంది భార్య లోపల్నుంచి.

అత్తగారు మగపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరైన మనిషి. అల్లుడి గుండె జారింది. అయినా ఆట ఆగిపోవడం కంటే నయమే కదా అనుకున్నాడు. అక్కడే తప్పులో కాలేశాడు.

"ఇందులో వీరుడు, మాంత్రికుడు అని ముందే కట్టిన వేషాలుండవు అత్తయ్యా. నూటయాభై పాయింట్లిస్తాను. కత్తి, బాణం, తాళాలు తియ్యడం, మీకే విద్య కావాలంటే దానికి పెట్టుకోండి. ఒక్కోదానికి తొంభై దాటకూడదు. పాచికలేస్తే వందలోపు ఏదో అంకె పడుతుంది. అది మీ పాయింట్లని మించకపోతే పనైనట్టే."

"ఏ విద్యయినా పరవాలేదా బాబూ?"

"ఏదైనా," అన్నాడతను. ఆ స్వేచ్ఛే ఈ పద్ధతి గొప్పతనమని నెలరోజులుగా స్నేహితుల చెవులు ఊదరగొట్టింది తనే.

"అయితే మందలింపుకి తొంభై రాయండి. మిగతాది వంటకి."

ఆట మొదలైంది. వంతెన మీద కాపలాభటులు అడ్డం పడ్డారు. కత్తికి ఎనభై పెట్టుకున్న ఎలక్ట్రీషియన్ చేతులు రుద్దుకుంటూ ముందుకు వంగాడు. అత్తగారు పాచికలు అందుకున్నారు.

"ఈ చలిలో చెవులకి గుడ్డ లేకుండా నిలబడతారా? మీ అమ్మలు చూస్తే ఏమనుకుంటారు?"

నలభై మూడు పడింది. భటులు తలలు దించుకుని ఆవిడ వెనకే బయలుదేరారు. తర్వాత వచ్చిన దొంగలముఠా చేతులు కడుక్కుని, వరసలో కూర్చుని, ఆవిడ కాచిన సూపు తాగి దొంగతనాలు మానేసింది. అల్లుడు రాక్షసుల్ని దింపాడు.

"వీళ్లకి మన భాష రాదు అత్తయ్యా."

"మందలింపుకి భాషెందుకు బాబూ," అన్నారావిడ. పదిహేడు.

మేష్టారు ఎత్తులూ లెక్కలూ మానేసి, ఈవిడ వెనక నడిచేవాళ్లకి రాత్రికి దుప్పట్లు చాలుతాయా అని ఆలోచిస్తున్నాడు. ఎలక్ట్రీషియన్ కత్తి ఇంతవరకూ ఒరలోంచి రాలేదు. అయినా అతను ఉల్లిపాయలు తరగడం నేర్చుకుంటానంటూ, ఇంతవరకూ ఆడినందుకు కొత్తగా దక్కిన పాయింట్లన్నీ దానికే పెట్టాడు.

పోట్లాడటానికి ఎవరూ మిగలని యుద్ధానికి అల్లుడు ఏడాది ధారపోశాడన్నమాట. చివరికి నల్లకోట రాజునే స్వయంగా బయటికి రప్పించాడు. అప్పటికప్పుడు ఆయనకి పుట్టుచెవుడు తగిలించాడు.

"ఈయనకి ఒక్క ముక్కా వినబడదు," అన్నాడు.

"పరవాలేదు. ఊరికే చూస్తాను."

పన్నెండు. రాజు కిరీటం తీసి ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. ఆ సంగతి అల్లుడే చెప్పక తప్పలేదు, చెప్పాడు. చెప్పి లేచి నిలబడ్డాడు.

"చాలు. ఇది ఆట కాదు. నేనింకెప్పుడూ ఆడించను."

అత్తగారు అతనివైపు చూశారు. పాచికలు వెయ్యలేదు. అతను కూర్చున్నాడు.

స్నేహితులిక ఈ గడప తొక్కరని అతనికి తెలిసిపోయింది. ఆ మాట వాళ్ల నోటే వినడం దేనికని తనే పాచికలు ఏరసాగాడు.

"గురూ," అన్నాడు మేష్టారు నెమ్మదిగా. "నువ్వేమీ అనుకోనంటే ఒకటి చెప్తాం. ఇన్నాళ్లలో ఆట ఇంత బాగా ఎప్పుడూ రాలేదు. వచ్చేవారం మా తమ్ముణ్ణీ తీసుకొస్తా."

అతని కళ్లు చెమర్చాయి. ఏడాది కష్టం వృథా పోలేదు. "నిజంగానా? అయితే నల్లకోట అవతలి కథ కూడా..."

"అదే. అది పిన్నిగారు చెప్తే బావుంటుందని," అన్నాడు ఎలక్ట్రీషియన్.

"నాకేం తెలుసు నాయనా," అంటూనే అత్తగారు పాచికలు దగ్గరికి లాక్కుని, అల్లుడికేసి కాస్త జాలిగా తిరిగారు. "మీరూ ఆడుదురుగాని బాబూ. ముందు అందరికీ టీ పెట్టి తీసుకురండి, ఎన్ని పాయింట్లివ్వాలో తాగాక చెప్తాను."

ముప్పై రెండు ఇచ్చారు.