ఐలన్న పడవలో నాయకుడి ఎంపిక

"ప్రజల కష్టంలో పాలుపంచుకునేవాడే సిరొంచ తాలూకాకు మా అభ్యర్థి" అని పార్టీ గడ్చిరోలిలో గంభీరంగా ప్రకటించింది. కష్టం ఎక్కడుందా అని వెతికితే ప్రాణహిత రేవులో ఐలన్న పడవ దొరికింది.

ఐలన్నకు సంబరమైంది. పడవ అడుగు పలక పుచ్చి రెండేళ్లయింది. అర్జీలు పెట్టి పెట్టి అతని చెప్పులరిగాయి. వానలకు ముందే కొత్త పలక వేయకపోతే ఏదో ఒకనాడు జనంతో సహా మునుగుతానని అతని దిగులు. పెద్దమనుషులు కళ్లారా చూస్తే పనవుతుందనుకున్నాడు పాపం.

పార్టీ టికెట్టు ఆశిస్తున్న ముగ్గురూ, వాళ్లలో ఒకరిని తేల్చడానికి పార్టీ పంపిన పరిశీలకులు వామన్‌రావు సాహెబ్, మంచిర్యాల దవాఖానకు పోయే లింగక్క పడవెక్కారు. నది నడుమకు రాగానే నీళ్లు చీలమండల దాకా వచ్చాయి. ఐలన్న ముగ్గురికీ తలా ఒక డబ్బా అందించాడు.

"జర తోడున్రి సార్."

ఇద్దరు ప్రాణభయంతో వంగి తోడసాగారు. మూడో ఆయన కృష్ణకాంత్ మాత్రం మహానుభావుడు. కాళ్లు రెండూ బల్లమీద పెట్టుకుని, "నీళ్ల సంగతి పార్టీ తీవ్రంగ ఆలోచిస్తున్నది" అన్నాడు.

"ఆలోచన తర్వాత గాని బిడ్డా, ఆ డబ్బా ఇటియ్యి" అని లింగక్క తీసుకుని తోడింది.

ఒడ్డు చేరగానే సాహెబ్ మరాఠీలో తీర్పు చెప్పారు. నీళ్లు తోడేవాడు కార్యకర్త అట. ఎదుటివాళ్లచేత తోడించేవాడే నాయకుడట. కృష్ణకాంత్ మెడలో దండ పడింది.

"సార్, ఒక్క పలక ఇప్పిస్తె సాలు" అన్నాడు ఐలన్న.

"పలకేంది ఐలన్నా, మోటారు బోటే తెప్పిస్త" అన్నాడు కృష్ణకాంత్.

తిరుగు ప్రయాణంలో ఆయన పడవెక్కలేదు. జనసంపర్కం కోసం జీపులో చంద్రపూర్ మీదుగా చుట్టు తిరిగి వచ్చాడు.

వారంలో రేవులో పెద్ద రేకు బోర్డు లేచింది. చెయ్యెత్తి నవ్వుతున్న కృష్ణకాంత్, కింద "మీ కష్టం నాది" అని అక్షరాలు. మోటారు బోటు రాలేదు గాని మొదటి వాన వచ్చింది. మర్నాడు బోర్డు మాయమైంది. ప్రతిపక్షాల కుట్ర అని కార్యకర్తలు రేవులో ధర్నాకు కూర్చున్నారు. వాళ్లను దాటుకుని లింగక్క పడవెక్కింది.

నది నడుమకు వచ్చినా కాళ్లు తడవలేదు.

"ఏంది ఐలన్నా, ఆ సారు పలక ఇచ్చిండా?"

"ఇచ్చినట్టే అక్కా."

లింగక్క కిందికి చూసింది. అడుగున కొత్త రేకు, అంచుల వెంట తారు. అందులోంచి చెయ్యెత్తి నవ్వుతున్న ముఖం చూసి, ఆమె మర్యాదగా కాళ్లు పక్కకు జరుపుకుంది.

"కాలు పెట్టక్కా, ఏం గాదు" అన్నాడు ఐలన్న తెడ్డు వేస్తూ. "గట్టిగ మేకులు కొట్టిన."