గోరంత లక్క మీద మహాసంగ్రామము

సూర్యభగవానుడు బడి ప్రహరీగోడ మీదుగా తొంగిచూచు శుభప్రభాతవేళ, పొట్టిబల్లలు గోడవారకు తొలగిన ఒకటవ తరగతి గదిలో, ఖాళీ బ్యాలెట్ పెట్టెకు ఇరువైపుల ఇరువురు మహావీరులు నిలిచిరి. ఒకరు లెక్కలమాస్టారు, నేటికి ఎన్నికల అధికారి, ప్రభుత్వముద్రాధురంధరుడు. రెండవవాడు వీధిజనము ఏరికోరి పంపిన పరిశీలకుడు, సూచీఖడ్గధారియగు దర్జీ. కిందటి మారు తమ కన్నుగప్పి పెట్టెకు సీలు వేసిరని అలిగి వీధియెల్ల ఓటు మానుకొన్నది. అందుకే ఈ మారు ఒకే లక్కబొట్టు మీద ఇద్దరి ముద్రలును పడవలెనని కట్టడి. ఎనిమిదిలోగా పడకున్న పోలింగు వాయిదా. వాయిదా పడెనా, దర్జీ ఇక ఆ వీధిలో తలెత్తుకొని తిరుగలేడు.

కొవ్వొత్తి శిఖపై కరిగి, రక్తవర్ణమున ధగధగలాడుచు లక్క తాళముపై జారెను. అయ్యో, అప్పుడే కదా మర్యాద యను మహారాక్షసి గదిలో అడుగిడినది!

అధికారి చేతులు జోడించి, “ప్రజలే ప్రభువులండీ. మీకంటే ముందు నేను ముద్ర వేస్తే నా ఉద్యోగానికే మచ్చ. ముందు మీరు కానివ్వండి” అని గర్జించెను. దర్జీ రెండడుగులు వెనుకకు వేసి, తమవంటి పెద్దలుండగా తానెంతవాడననెను. కాదు మీరే యని వీరు, కానేకాదు తమరే యని వారు. ఈ వినయబాణవర్షము నడుమ లక్క గడ్డకట్టి కూర్చున్నది.

రెండవ బొట్టు కరిగించిరి. బుద్ధి వచ్చి ఇద్దరును ఒక్కుమ్మడి దూకగా, ముద్రికాసంఘట్టనమున ఠంగుమని నాదము పుట్టి, ముద్రలు రెండును ఎగిరి బల్లల కింద దూరెను. వీరులు మోకాళ్ళపై ప్రాకి వెదకి తెచ్చుసరికి ఆ బొట్టును పాడాయెను. మిగిలిన లక్క గోరంత. దర్జీ ఇక వీధికి ఏ మొహము చూపును?

అంతట క్యూకు అగ్రభాగమున కిటికీ చువ్వలు పట్టుకొని ఈ వీరవిహారమంతయు తిలకించుచున్న దర్జీ అత్తగారు నోరు విప్పెను.

“అల్లుడుగారూ, జేబులో దారం ఉంది కదా. ఆ రెండూ కలిపి కట్టి ఒక్కసారే నొక్కండి. నాకసలే మోకాళ్ళ నొప్పులు.”

దర్జీ దారము తీసి, ముద్రలు రెండింటిని జంటగా బిగించెను. కరిగించిన ఆ గోరంత లక్కపై నాలుగు చేతులు కలిసి నొక్కెను. అత్తగారు కిటికీలోనుండి కళ్ళజోడు సవరించుకొని తేరిపార చూచి, వెనుకకు తిరిగి, “రెండూ పడ్డాయి” అని చాటెను. దర్జీ కన్నులు చెమర్చినవి.

ఇట్లు, అధికారి బొటనవ్రేలు కొంచెము కాలుట దక్క వేరు ప్రాణహాని లేక, ప్రభుత్వమును వీధియును గోరంత లక్కపై ఏకమైన ఆ దివ్యక్షణమున, విజయదుందుభులు మ్రోగకున్నను, క్యూ ఒక అడుగు ముందుకు కదిలెను.