వందో రోజు నాలుగు చెంచాలు

ఆ రోజు పొద్దున్న కొత్త కోడలి పథకం చాలా చిన్నది. అయిదున్నరకు లేవాలి. మామగారికి గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా పొడి కలిపి ఇవ్వాలి. ఆయన యూనిఫాం చొక్కా కాలరు నిటారుగా నిలబడేలా ఇస్త్రీ చెయ్యాలి. నవ్వుతూ సాగనంపాలి. అంతే. పెళ్లయి నూట పదకొండు రోజులైన అమ్మాయికి ఇలాంటి పథకాలు వెయ్యడమంటే మహా ఇష్టం. వంటగది కిటికీలోంచి ఎండ వచ్చి కొత్త గ్లాసుల మీద పడితే ఆమెకు సంబరం. ఒకే కప్పులో రెండు టూత్‌బ్రష్షులు ఒకదానికొకటి ఆనుకుని నిలబడితే ఇంకా సంబరం.

అయితే ఆ రోజు సంబరం కింద కాస్త భయం కూడా ఉంది. మామగారు బస్సు డ్రైవరు. ముప్పై ఒక్కేళ్లుగా పదకొండో నంబరు రూటు ఆయనదే. ఆయన రక్తంలో చక్కెర మాత్రం ఈమధ్య ఆయన మాట వినడం మానేసింది. కిందటిసారి డిపో డాక్టరమ్మ కళ్లజోడు పైనుంచి చూసి, "వచ్చే పరీక్షకి ఇది దిగకపోతే స్టీరింగు ముట్టనివ్వను. బస్సుల్లో జనం మరిచిపోయిన వస్తువుల గదిలో కూర్చుని గొడుగులకి చీటీలు కట్టుకోవాలి" అంది. ఆనాటి నుంచి ఆయన ఎక్కడ గొడుగు కనిపించినా మొహం పక్కకు తిప్పుకుంటున్నారు. ఆ పరీక్ష ఈ రోజే, తొమ్మిదిన్నరకు, ఖాళీ కడుపుతో.

పొడి తెచ్చింది కోడలే. పెళ్లయిన పదకొండో రోజున మామగారి షుగరు సంగతి తెలిసి, మూలికల దుకాణానికి పరుగెత్తి, పొడపత్రి ఆకూ ఇంకో రెండు మూడు వేళ్లూ కలిపి దంచిన డబ్బా పట్టుకొచ్చింది. తరతరాలుగా షుగరును అదుపులో ఉంచడానికి వాడుతున్నదని డబ్బా మీద రాసి ఉంది. రంగు చూస్తే ఎండిన నాచు, వాసన చూస్తే తడిసిన గోనెసంచి. మామగారు మాత్రం ఒక్కరోజూ కాదనలేదు. "ఎలా ఉంది మామయ్యా?" అని అడిగితే, గ్లాసు దించి, "బండి కదులుతుందమ్మా" అనేవారు.

ఎవరు పొడి ఇచ్చినా వంటగది క్యాలెండరులో ఆ రోజు గడిలో ఒక టిక్ పెట్టాలన్నది ఇంటి నియమం. అందుకోసం మేకుకు దారం కట్టి ఒక పెన్సిలు కూడా వేలాడదీశారు. ఆ పొద్దున్న కోడలు పొడి ఇచ్చి పెన్సిలు అందుకుంది. లెక్క చూస్తే అది వందో చెంచా. వందో చెంచాకు వట్టి టిక్కా? అయిదు రేకులతో, నడుమ చుక్కతో, ముద్దొచ్చే పువ్వు వేసి స్నానానికి వెళ్లిపోయింది.

మిగతాదంతా ఆ పువ్వు చేసిన పనే.

ఆరింటికి అత్తగారు వంటగదిలోకి వచ్చింది. గడిలో పువ్వుంది, టిక్ లేదు. గ్లాసు నింపి భర్తకు ఇచ్చి, పువ్వు పక్కన టిక్ పెట్టింది. ఆరుంపావుకు కొడుకు వచ్చాడు. అతను కళ్లద్దాల షాపులో జనానికి చూపు సరిచేసి పంపుతాడు. గడిలో తల్లి టిక్ కనిపించింది. తల్లి పాలప్యాకెట్లకు కూడా అదే క్యాలెండరులో టిక్ పెడుతుంది కాబట్టి ఇది పాలదే అనుకున్నాడు. "నాన్నా, పరీక్ష రోజు కూడా మీ మందు నేనే గుర్తుచెయ్యాలా?" అంటూ ఇంకో గ్లాసు కలిపిచ్చి రెండో టిక్ పెట్టాడు.

మామగారు మూడుసార్లూ నోరెత్తకుండా తాగారు. పరీక్ష కదా, ఇంట్లోవాళ్లు కూడబలుక్కుని మోతాదు పెంచారని ఆయన అనుకున్నారు. అందరూ ఇంత కష్టపడుతుంటే తానొక్కడే చేతులు కట్టుకుని కూర్చోవడం బాగుండదని, తన వంతుగా ఇంకో చెంచా నీళ్లసీసాలో కలుపుకుని, గడిలో డ్యూటీ పుస్తకంలో రాసినట్టు "6.55, సీసాలో ఒకటి" అని రాసి బయలుదేరారు.

ఎనిమిదిన్నరకు కోడలు తన పువ్వును ఇంకోసారి చూసి మురిసిపోదామని క్యాలెండరు దగ్గరికి వచ్చింది. గడి నిండిపోయి ఉంది. ఒక పువ్వు, రెండు టిక్కులు, ఒక టైము. ఆమె డబ్బా తిప్పి చూసింది. అడుగున చీమల బారులాంటి అక్షరాల్లో, "రోజుకు ఒక చెంచా మాత్రమే. మించితే, ముఖ్యంగా ఖాళీ కడుపున, షుగరు బాగా పడిపోయి కళ్లు తిరగవచ్చు" అని ఉంది.

ముందుగా కళ్లు తిరిగింది ఆమెకే. గోడ పట్టుకుని నిలబడింది. తను ముచ్చటపడి తెచ్చిన డబ్బా. తను ముచ్చటపడి వేసిన పువ్వు. మామయ్య డాక్టరమ్మ ఎదుటే కుప్పకూలితే ఇంక ఆయన జన్మలో స్టీరింగు పట్టుకున్నట్టే!

"అత్తయ్యా!"

ఆ కేకకు పెరట్లో బట్టలారేస్తున్న అత్తగారు తడి దుప్పటితో సహా వచ్చేసింది.

మామగారి ఫోను ఆపేసి ఉంది. యూనిఫాం వేసుకుంటే ఫోను ఆపెయ్యడం ఆయన అలవాటు. కోడలు డిపోకు ఫోను చేసింది.

"హలో, నేను పదకొండో నంబరు డ్రైవరుగారి కోడల్నండీ. మామయ్య వచ్చారా?"

"కంట్రోలర్ని మాట్లాడుతున్నానమ్మా. వచ్చాడు. డాక్టరమ్మ గది బయట బెంచీ మీదున్నాడు. సీసాలోంచి ఏదో గుటకలేస్తున్నాడు."

"అయ్యో, ఆ సీసా లాగేసుకోండి! ఇప్పటికే మూడు చెంచాలు పడ్డాయి. షుగర్ పడిపోతుంది. వెంటనే ఏదైనా తీపి పెట్టండి!"

"ఆయన తింటాడా? పరీక్షకని మంచినీళ్లు తప్ప ముట్టనంటున్నాడు. ఎంత మొండిమనిషో నీకు తెలీదమ్మా."

"షుగర్ పడిపోతే మనిషి మొండికేస్తారటండీ! వద్దన్నా పెట్టండి!"

ఆ ఆఖరి మాట ఆమె అనకుండా ఉండాల్సింది.

అరటిపళ్లు, బిస్కెట్లు, గ్లూకోజు పొడి, వాటితోపాటు ఆ డబ్బా కూడా సంచీలో కుక్కుకుని అత్తాకోడళ్లు ఆటో ఎక్కారు. దారిలో కోడలు భర్తకు ఫోను చేసింది.

"ఏమండీ, మామయ్యకి మీరెందుకిచ్చారు?"

"నువ్వివ్వలేదుగా!"

"ఇచ్చాను. పువ్వు వేశాను!"

"ఇవ్వడమేంటి, పువ్వేంటి... సరే, నేనూ వస్తున్నా, ఉండు."

అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుంది. "నేనూ చూశానే పువ్వు. చూసీ చూడనట్టు ఊరుకున్నా."

"ఎందుకత్తయ్యా?"

"కొత్తగా పెళ్లయినవాళ్లు క్యాలెండరులో పువ్వులేసుకుంటే పెద్దవాళ్లు ఆరా తీస్తారా? ఏదో శుభవార్త లెక్కేమో అనుకున్నా. ఎదురింటి కుట్టుమిషనావిడకి సూచాయగా చెప్పేశా కూడా."

"అత్తయ్యా! అది మామయ్య వందో చెంచా!"

"అయ్యో, ఆవిడ చంటిపిల్ల చొక్కాలు కుట్టడానికి గుడ్డ కూడా తీసిపెట్టిందే పాపం" అని అత్తగారు నిట్టూర్చింది. ఆటోడ్రైవరు అద్దంలోంచి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, వేగం పెంచాడు.

డిపోలో డాక్టరమ్మ గది ముందు గుంపు కట్టి ఉంది. నడుమ బెంచీ మీద మామగారు. చెరో చెయ్యీ చెరో కండక్టరు పట్టుకున్నాడు. మూడో కండక్టరు బిస్కెట్టు పట్టుకుని ఎదురుగా వంగాడు. క్యాంటీనామె టీ గ్లాసుతో సిద్ధంగా ఉంది. బెంచీ కింద అప్పటికే అయిదు ఖాళీ గ్లాసులున్నాయి.

"వదలండ్రా! ఖాళీ కడుపుతో రమ్మన్నారు నన్ను!"

"ఒక్కటే గురువుగారూ. చంటిపిల్లలు కూడా ఇంత పేచీ పెట్టరు. నోరు తెరవండి. ఆఁ... ఎలా ఉంది?"

"ఎలా ఉంటుంది? ఇసుకలా ఉంది!"

అందరూ మొహాలు చూసుకున్నారు.

"క్రీము బిస్కెట్టన్నా ఇది" అన్నాడు కండక్టరు నెమ్మదిగా.

"క్రీమా? గోడకేసే సున్నంలా ఉంది. ఆ టీ అయితే వట్టి వేణ్ణీళ్లు."

క్యాంటీనామె గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఆరు చెంచాల చక్కెరేశాను నాయనా అందులో!"

"అయిపోయింది. మాట తేడా వచ్చేసింది" అని కంట్రోలరు తేల్చాడు. "ఇంకో గ్లాసు పట్రా. ఈసారి ఎనిమిదెయ్యి."

కోడలు గుంపును తోసుకుని ముందుకు వెళ్లింది. మామగారి నుదుటి మీద చెమట చూసేసరికి ఆమెకు ఏడుపొచ్చింది. ఆ చెమట ముగ్గురు కండక్టర్లతో పెనుగులాడినందుకు పట్టిందని ఆమెకు తట్టలేదు. గబగబా గ్లూకోజు కలిపింది. "మామయ్యా, నా కోసం. ఒక్క గుక్క."

ముగ్గురు కండక్టర్లకు లొంగని మనిషి కోడలి చేతిలో గ్లాసు చూసి మెత్తబడ్డారు. గడగడా తాగేశారు. "ఇది పరవాలేదమ్మా" అన్నారు. ఆయన మొహం చూస్తే మాత్రం అది కూడా ఇసుకే అని తెలుస్తోంది.

అప్పుడే భర్త కూడా చేరాడు. ఎవరివో కళ్లద్దాలు నుదుటి మీదే ఉండిపోయాయి. "నాన్నా, అరటిపండు..."

తలుపు తెరుచుకుంది.

"పదకొండో నంబరు" అంది డాక్టరమ్మ. "ఖాళీ కడుపుతోనే వచ్చారుగా?"

మామగారి మీసం మీది బిస్కెట్టు పొడి నెమ్మదిగా యూనిఫాం మీద రాలింది. కాలరు మాత్రం ఇంకా నిటారుగానే ఉంది.

వేలి మీద సూది గుచ్చారు. చిన్న యంత్రం అయిదు క్షణాలు ఆలోచించింది. కోడలికి ఆ అయిదు క్షణాలూ తన పెళ్లంత పొడుగ్గా అనిపించాయి. తగ్గి ఉంటుందేమో, ప్రాణం మీదికి వచ్చిందేమో అని చూస్తోంది.

"రెండువందల ఎనభై ఏడు" అంది డాక్టరమ్మ.

పడిపోతుందన్న భయం ఆ క్షణంలోనే పోయింది. దాని జాగాలో అంతకంటే పెద్దది వచ్చి కూర్చుంది. తన చేత్తో, తన గ్లూకోజుతో, తనే ఆయన్ని గొడుగుల గదిలోకి తోసేసింది. అత్తగారు గోడ వైపు తిరిగింది. మామగారు తన రెండు అరచేతులూ చూసుకుంటూ కూర్చున్నారు. స్టీరింగు పట్టి పట్టి గట్టిపడిన అరచేతులు.

"డాక్టరుగారూ, తప్పంతా నాదే!" కోడలు ఏడుపు గొంతుతో గబగబా చెప్పేసింది. పువ్వు, పాలటిక్కు, సీసా, ఫోను, గ్లూకోజు, ఏదీ వదల్లేదు. "ఆయన్ని గొడుగుల దగ్గరికి పంపకండి. కావాలంటే నేనొచ్చి చీటీలు కట్టి వెళ్తాను."

డాక్టరమ్మ డబ్బా అడిగి తీసుకుంది. అడుగున రాసింది చదివింది. తర్వాత సొరుగులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచింది.

"పోయిన వారం ఈయన దగ్గర రక్తం తీశాం. మూడు నెలల సగటు అందులో తెలుస్తుంది. నేను సంతకం పెట్టేది దాన్ని చూసి. ఇవాళ పిలిచింది కాగితం ఇవ్వడానికీ, ఊరికే ఓసారి చూడ్డానికీ."

"ఆ రక్తమే పరీక్షా?" మామగారు తలెత్తారు. "అది రిహార్సలనుకున్నానమ్మా. ఇంట్లో కూడా చెప్పలేదు."

"ఆ సగటు తొమ్మిది శాతం నుంచి ఆరున్నరకి దిగింది. ఈ మూడు నెలల్లో తిండిలో ఏం మార్చారు?"

ఆయన ఇబ్బందిగా కోడలి వైపు చూశారు. "నేనేం మార్చలేదు. ఆ పొడి తాగాక క్యాంటీన్లో ఏ తీపి నోట్లో పెట్టినా ఇసుకలా ఉంటుంది. అందుకని మానేశాను."

"పొడపత్రి నాలుక మీద పడితే కాసేపు తీపి తెలీదు" అంది డాక్టరమ్మ. "ఈ పొడి మీ షుగరు తగ్గించిందో లేదో నేను చెప్పలేను. మీ చిరుతిండి మాత్రం తగ్గించింది. ఇంట్లో ఎందుకు చెప్పలేదు?"

"కొత్త కోడలు, ముచ్చటపడి తెచ్చింది. ఇసుక అంటే చిన్నబుచ్చుకుంటుందని."

కోడలికి మళ్లీ ఏడుపొచ్చింది. ఈసారిది వేరే రకం. డాక్టరమ్మ కాగితం మీద సంతకం గీకింది. "ఏడాది పాటు బండి మీదే. నాలుగు చెంచాలు మాత్రం ఇంకెప్పుడూ వద్దు. ఒక చెంచాకైనా ముందు నన్నడగండి."

కండక్టర్లు ఈలలు వేశారు. మామగారు సీసా చంకన పెట్టుకుని లేచారు. "పదింటి ట్రిప్పుకి వేళయింది."

"కూర్చోండి. ఒంట్లో ఇంత చక్కెర పెట్టుకుని ఇవాళ బస్సెక్కనివ్వను. సాయంత్రం దాకా ఇక్కడే, నా ఎదురుగా, నీళ్లు తాగుతూ."

"నేను లేకుండా పదకొండో నంబరా?" ఆయన మొహం వాడిపోయింది. "ఆ గేరు నా చేతికి తప్ప పడదమ్మా. ఆ వంతెన మలుపు ఇంకొకళ్ల వల్ల కాదు. జనం సగం దారిలో దిగిపోతారు, చూడండి కావాలంటే."

పదింటికి రిజర్వు డ్రైవరమ్మాయి బండి తీసింది. ఆయన కిటికీ దగ్గర నిలబడి, బస్సు గేటు దాటి మలుపు తిరిగేదాకా కుడికాలితో నేలను బ్రేకులా నొక్కుతూనే ఉన్నారు.

ఆ రోజు పదకొండో నంబరు ప్రతి ట్రిప్పూ నాలుగు నిమిషాలు ముందే చేరింది. ఆ సంగతి డిపోలో అందరికీ తెలుసు, ఇంట్లో ముగ్గురికీ తెలుసు. వింటే మళ్లీ షుగర్ పెరుగుతుందేమోనని, ఆయనకు మాత్రం ఇంతవరకూ ఎవరూ ఆ మాట చెప్పలేదు.