నూనె లారీకి రేవు మర్యాదలు

ఆ రోజు పొద్దున సిద్ధరాములు తలపెట్టిన పని చాలా చిన్నది. క్రూడాయిలు లారీ సోలాపూర్‌లోని దాజీ పేట్‌కు వస్తుంది, పీపాలు నింపి పోతుంది, మధ్యాహ్నానికల్లా మంటదీపం ముట్టించి తల వేడి చేస్తే ఇంజను మొదలవుతుంది. ఇంజనుకు పట్టా బిగించిన నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, రేకుల షెడ్డులో అప్పటికే పసుపు కుంకుమలు పెట్టించుకుని సిద్ధంగా ఉన్నాయి.

సిద్ధంగా లేనిది తండ్రి రాజయ్య ఒక్కడే. చిన్నప్పుడు గుంటమగ్గంలోకి దిగిన మనిషి, ముసలితనం వచ్చినా పైకి రాలేదు. ఇంజను ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ షెడ్డు వైపు తల తిప్పి చూడటం కూడా మానేశాడు. ఇంట్లో అందరూ బతిమాలితే చివరికి ఒక ఒప్పందానికి వచ్చాడు.

"ఒక్క దినం వొచ్చి కూసుంట. పొద్దుగూకేలోపల అది నడుస్తదంటె నా చేత్తోనే ముట్టిస్త. నడువకుంటె దాన్ని అమ్మి, మళ్ల నా పక్కన మగ్గంల కూసోవాలె. సమజైందా?"

సిద్ధరాములుకు బాగానే సమజైంది. మగ్గం గుంటలో అతని నడుము అప్పటికే సగం వంగిపోయింది. మిగిలిన సగాన్నయినా నిలబెట్టుకోవాలన్నదే అతని ఆశ.

సరిగ్గా అప్పుడే భార్య నర్సమ్మ తమ్ముడు యాదగిరి సెలవు మీద బొంబాయి నుంచి దిగాడు. ఆ యాభై ఏడో సంవత్సరంలో బొంబాయి నూనె రేవు కొత్తది, అందులో ఓడల తాళ్లు కట్టే ఖలాసీగా యాదగిరి కూడా కొత్తవాడే. రేవులో అతని మాట వినేవాళ్లు ఎవరూ లేరు గానీ, రేవులో మాటలన్నీ అతను విన్నాడు.

"నూనె లారీ ఉత్తగనే వొస్తదా బావా?" అని ఆశ్చర్యపోయాడు. "మా దగ్గర నూనె ఓడ రావాలంటె ముందుగాల్నే వైర్‌లెస్ చెయ్యాలె. ఏం నూనె, ఎంత నూనె, ఓడ ముందల ఎంత మునిగింది, ఎనుక ఎంత మునిగింది, లోపట ఎవలికన్న జరమున్నదా, అన్ని చెప్పాలె. గప్పుడు పైలట్ పోయి తోల్కొస్తడు. పైలట్ లేకుంటె సముద్రంల్నే నిలబడుడు. దగ్గరికొచ్చినంక పొయ్యిలన్ని బంద్. ఒక్క బీడీ గూడ కాలొద్దు. పగలైతె ఎర్ర జెండ ఎగరెయ్యాలె."

"ఎర్ర జెండ ఎగరేస్తె ఆడోళ్లంత బీడీల చాటలు పక్కకు పెట్టి మోర్చకు పోతరు. గదొక్కటి ఇడిచిపెట్టు తమ్మీ," అంది నర్సమ్మ.

జెండా విడిచిపెట్టారు. మిగతావేవీ విడిచిపెట్టలేదు.

నిజం చెప్పాలంటే యాదగిరి మాటలో తప్పేమీ లేదు. గల్లీ నిండా నూలు, దూది పీచు, ఎండిన తునికాకు కట్టలు. ఒక్క నిప్పురవ్వ పడితే చాలు. సిద్ధరాములు వెంటనే బయల్దేరాడు. ఇల్లిల్లూ తిరిగి చేతులు పట్టుకుని బతిమాలాడు. లారీ వచ్చి పోయేదాకా ఎవరూ పొయ్యి ముట్టించవద్దు. మగ్గాల చప్పుడులో పైలట్ ఈల వినపడదు కాబట్టి మగ్గాలూ ఆపాలి. అందరూ బయటికి వచ్చి, దారి వదిలి, గోడల వెంట నిలబడాలి. గల్లీ మంచిది, ఒప్పుకుంది.

రాజయ్య స్నానం చేసి, కొత్త ధోవతి కట్టుకుని, షెడ్డు ముందు కుర్చీలో కూర్చున్నాడు. ఆయన ముఖంలో పండగ కళ ఉంది. లారీ రాదని ఆయనకు గట్టి నమ్మకం.

యాదగిరి ఆకుపచ్చ తువ్వాలు ఒకటి భుజాన వేసుకుని, పైలట్‌గా కొంతం చౌక్‌కు వెళ్లి నిలబడ్డాడు. రేవుకైతే ఓడ వచ్చే దారి ఒక్కటే. దాజీ పేట్‌కు దారులు నాలుగున్నాయి. లారీ డ్రైవర్ పాండురంగ్ వాటిలో ఇంకో దారిన వచ్చాడు.

గల్లీ మొదట్లో అతను లారీ ఆపేశాడు. ఏ కప్పు మీదా పొగ లేదు. ఏ ఇంట్లోనూ మగ్గం ఆడటం లేదు. ఆడవాళ్లు చెంపన చెయ్యి పెట్టుకుని గోడల వెంట నిలబడ్డారు. పిల్లలు ఆకలికి ముఖాలు వేలాడేశారు. ఆ గల్లీలో పొయ్యిలన్నీ ఆరిపోయి, మగ్గాలన్నీ ఆగిపోయేది ఒక్క సందర్భంలోనే. ఎవరైనా పోతే, శవం లేచేదాకా ఇరుగుపొరుగు పొయ్యి వెలిగించరు. పాండురంగ్ ఆ ఊళ్లో పుట్టినవాడు, అతనికి ఒకరు చెప్పనవసరం లేదు. కిందికి దిగి, బీడీలు చుట్టే బాలమణి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవలింట్ల, మావశీ?"

సరుకు దించే ఇల్లు అడుగుతున్నాడని బాలమణి అనుకుంది. "రాజయ్య ఇంట్ల బిడ్డా. పొద్దటి సంది అందరం గిట్లనే నిలబడ్డం," అంది. కడుపులో ఏమీ లేక ఆమె గొంతు నీరసంగా వచ్చింది.

పాండురంగ్ టోపీ తీసి, రాజయ్య ఇంటి దిక్కుకు దండం పెట్టాడు. హారన్ కొట్టలేదు. లారీని మెల్లగా వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు.

సిద్ధరాములు పరుగున వచ్చేసరికి బాలమణి సంగతి చెప్పింది. "లారీ వొచ్చింది, దండం పెట్టింది, పోయింది. పైలట్ లేడు గద. కాయిదా ప్రకారమే వాపస్ పోయినట్టున్నది."

సిద్ధరాములు తల పట్టుకున్నాడు. అప్పటికే ఎండ నడినెత్తి దాటింది. అక్కడి నుంచి కొంతం చౌక్‌లోని నూనె వ్యాపారి దత్తాత్రేయ కొట్టు దాకా ఆగకుండా పరుగెత్తాడు. పాండురంగ్ అతనికంటే ముందే చేరి, పోయింది రాజయ్యేనని తేల్చి, చెప్పవలసింది చెప్పేశాడు. దత్తాత్రేయ గద్దె దిగివచ్చి సిద్ధరాములును గుండెకు హత్తుకున్నాడు.

"ఏం మాట్లాడకు. పాండురంగ్ అంత చెప్పిండు. మేమంత వొస్తం."

"లారీ గూడ రావాలె శేట్!"

"లారీల్నే వొస్తం. ఫికర్ చెయ్యకు. కాకాను ఎట్ల ఉంచిన్రు?"

"బాపునా? పొద్దుగాల్నే తానం చేసి, కొత్త ధోతి కట్టి, కుర్చీల కూసున్నడు."

 సోలాపూర్‌లో పోయినవాళ్లను కూర్చోబెట్టి సాగనంపేవాళ్లు లేకపోలేదు. వీళ్లలోనూ ఆ ఆచారం ఉందేమో అని దత్తాత్రేయ సరిపెట్టుకున్నాడు.

"మరి నిప్పు నువ్వేనా పెట్టేది?"

"నేనెందుకు శేట్? బాపు సొంత చేత్తోనే ముట్టిస్తనన్నడు. పొద్దుగూకితె మాత్రం ముట్టియ్యడట. జల్ది రావాలె."

దత్తాత్రేయ కళ్లలో నీళ్లు తిరిగాయి. "బిచారా, దుఃఖం నెత్తికెక్కింది," అని గుమాస్తాతో అని, బట్టల బజారుకు కబురు పంపాడు.

పొద్దు వాలుతుండగా లారీ దాజీ పేట్‌లోకి వచ్చింది. ట్యాంకు మీద, పక్కల, ముందు, ఎక్కడ చూసినా మనుషులే. ఒక్కొక్కరి చేతిలో శవం మీద కప్పే కొత్త తెల్లబట్ట ఉంది. ఫుట్‌బోర్డు మీద, చౌక్‌లోనే ఎక్కిన యాదగిరి ఆకుపచ్చ తువ్వాలు ఊపుతూ దారి చూపిస్తున్నాడు. నూనె అంటే బజారుకు ఇంత గౌరవం ఉన్నందుకు అతనికి సంతోషంగా ఉంది. అంతలో ట్యాంకు మీది పెద్దమనిషి చేతిలో నిప్పుల కుండ కనబడింది. యాదగిరి కెవ్వున అరిచి, కుండ లాక్కుని మోరీలో పారేశాడు. శవానికి తెచ్చిన నిప్పును మోరీలో పారేసిన మనిషిని సోలాపూర్ అంతకుముందు చూసి ఉండదు.

లారీని చూడగానే సిద్ధరాములు పీపాల దగ్గరికి పరుగెత్తాడు. పైపు తప్ప అతని కంటికి మరేమీ ఆనలేదు. రాజయ్యకు పొద్దటి నుంచి గంజి కూడా లేదు. ఎండకు సోలిపోయి, తల గుండె మీద వాల్చి నిద్రపోతున్నాడు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే వంగి, ఆయన ఒళ్లో బట్ట పెట్టి, కళ్లు తుడుచుకుంటూ పక్కకు జరిగారు. ఆ ఏడుపు విని నర్సమ్మ లోపలి నుంచి వచ్చింది. మామను ఆ గుడ్డల కుప్ప వెనక చూసి, గుండెలు బాదుకుని శోకం పెట్టింది.

రాజయ్య ఉలిక్కిపడి లేచాడు. "ఎవలు పోయిన్రే?"

"నువ్వే మామా!" అంది నర్సమ్మ.

 దత్తాత్రేయ పాండురంగ్ వైపు చూశాడు. పాండురంగ్ బాలమణి వైపు చూశాడు. బాలమణి ఆకాశం వైపు చూసింది.

రాజయ్య మాత్రం ఎవరి వైపూ చూడలేదు. ఆయన చెయ్యి అప్పటికే ఒళ్లోని బట్ట మీద ఉంది. నేతగాడి చెయ్యి బట్ట మీద ఊరికే ఉండదు. ఒక అంచు పట్టుకుని వేళ్ల మధ్య నలిపాడు. పక్కన పెట్టి ఇంకోటి తీశాడు.

"గిది మిల్లుది," అన్నాడు. "గిది గూడ మిల్లుదే. గిది సాంచాది." అడుగుదాకా చూశాడు. చిట్టచివరి బట్టను పైకెత్తి, "గిది గూడ సాంచాదే. గిదెవలు తెచ్చిన్రు?" అని అడిగాడు.

ప్రతి సభలోనూ చేతిమగ్గం కోసం గొంతు చించుకునే సంఘం పెద్ద పెంటప్ప తల వంచుకున్నాడు. "తొందరల ఏది దొరికితె గది తెచ్చిన కాకా."

 రాజయ్య చేతిలోని బట్ట కిందికి జారింది. ఆ ముఖం చూసి సిద్ధరాములుకు ఏడుపు వచ్చింది. ఇంజను పోతే పోయింది, తండ్రి ముఖం అలా ఉండకూడదు అనిపించింది. పైపు వదిలేసి వచ్చి కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"బాపూ, ఇంజను అమ్మేస్త. మగ్గంల కూసుంట. నీకు కప్పే బట్ట నేనే నేస్త."

రాజయ్య కొడుకు నడుము వైపు చాలాసేపు చూశాడు. "గా నడుముతోనా? నువ్వు నేసెటాల్లకు నేను కుళ్లిపోత," అన్నాడు. కుర్చీ పట్టుకుని లేచాడు. "ఎట్లయిన సాంచా బట్టల్నే పోవుడైతె, మనింటిది ఎందుకు గావద్దు? ఏదిరా అగ్గిపెట్టె?"

యాదగిరి అడ్డం వచ్చాడు. "లారీ ఉండంగ నిప్పా? కాయిదా ఒప్పుకోదు పెద్దయ్యా."

"సచ్చినోనికి కాయిదా ఏందిరా?" అన్నాడు రాజయ్య.

అయినా పీపాలు నిండేదాకా, లారీ గల్లీ దాటేదాకా ఆగారు. సాగనంపడానికి వచ్చిన బజారు మొత్తం చూస్తుండగా, పొద్దుగూకే ముందు రాజయ్య మంటదీపం ముట్టించి ఇంజను తల వేడి చేశాడు. ఇంజను దగ్గి, ఊగి, ఆడటం మొదలుపెట్టింది. సిద్ధరాములు నడుము మీద చేతులు పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు.

ఆ సాంచాల మీద దిగిన మొదటి తానులో ఒక ముక్క రాజయ్య తనకు కప్పేందుకని పెట్టెలో దాచుకున్నాడు. మరుసటి ఏడు అంతకన్నా మంచి నేత దిగిందని దాన్ని తీసేసి కొత్తది పెట్టాడు. ఆ పై ఏడూ మళ్లీ మార్చాడు. సాంచా నేత ఇంకా కుదరలేదని సణుగుతూ ఆయన చాలా ఏళ్లు బతికాడు.