నాలుగో షిఫ్టులో బేరింగు

ఆ శనివారం ఉదయం కెన్నీ జేబులో ఒక కాగితం ఉంది. తొమ్మిదికి పాట వేసి చూసుకోవడం, తొమ్మిదిన్నరకు స్నానం, పదికి నల్ల టీషర్టు, పదిన్నరకు జీవితాశయం. ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పే మనిషి కాబట్టి ప్రతి పనికీ టైము వేసుకోవడం అతనికి అలవాటు. కాగితంలో అన్నీ బాగానే ఉన్నాయి. పై ఇంటి సన్యాసిరాజు ఒక్కడే లేడు.

జీవితాశయం సంగతి చెప్పాలి. ఆస్ట్రేలియాలో జీరో ఫౌండ్రీ అని ఒక బ్యాండు ఉంది. గిటార్లూ డ్రమ్ములూ పక్కన పడేసి, మూతపడిన కార్ఖానాల్లోకి దూరి, అక్కడి యంత్రాలనే వాయిద్యాలు చేసుకున్న తొలి జట్లలో అదొకటి. ఆ సంగీతాన్ని ఇండస్ట్రియల్ మ్యూజిక్ అంటారు. కెన్నీ భార్య కేథరిన్ దాన్ని వేరే పేరుతో పిలుస్తుంది గానీ అది అచ్చులో వేసేది కాదు. పద్దెనిమిదో ఏట కెన్నీ ఆ బ్యాండు వాళ్ళ ‘నాలుగో షిఫ్ట్’ మొదటిసారి విన్నాడు. నాలుగు నిమిషాల పాటు ఏదో భారీ యంత్రం రొద పెట్టి, హఠాత్తుగా ఆగిపోతుంది. ఆ తర్వాత నిమిషం పాటు నిశ్శబ్దం. తను పుట్టి పెరిగిన ఉక్కునగరం చప్పుడును ఎక్కడో ఎవరో పాటగా కట్టారనిపించి, ఆ రోజు అతనికి నిజంగా ఏడుపొచ్చింది. అప్పటినుంచి ఇరవయ్యేళ్ళుగా వింటూనే ఉన్నాడు.

ఆ బ్యాండు పెట్టిన బ్రామ్లీ దొరకు ఇప్పుడు డెబ్బై ఆరు. చెవులు మందగిస్తున్నాయని, ఆఖరిసారిగా దేశదేశాల అభిమానులతో అరగంట చొప్పున వీడియోలో మాట్లాడుతున్నాడు. విశాఖ అభిమానుల సంఘానికి ఇచ్చిన సమయం ఈ శనివారం పదిన్నర. తప్పిపోతే ఆ అరగంట వేరే దేశానికి వెళ్ళిపోతుంది, మళ్ళీ ఇవ్వరు. సంఘం తమకిష్టమైన పాట వేసి, అందులో తమకేం వినపడుతుందో ఆయనకు చెప్పాలి. కెన్నీ నాలుగు పేజీలు రాసుకున్నాడు. నాలుగూ ఆ నిమిషం నిశ్శబ్దం గురించే.

పాటకు పెద్ద స్పీకర్ కావాలి. అది చర్చిలో ఉంది. దాని తాళం స్త్రీల సమాజం కార్యదర్శి, కెన్నీ అత్తగారు దీవెనమ్మ దగ్గర ఉంది.

“ఆస్ట్రేలియా నించి ఒక పెద్దాయన మాటాడతాడత్తా. నాను ఇరవయ్యేళ్ళ బట్టి ఎదురు సూత్తన్నాను” అన్నాడు గురువారం నాడు.

ఆదివారం చర్చిలో కునికిపాట్లు పడే అల్లుడు ఇంత భక్తిగా మాట్లాడడం ఆవిడ ఎన్నడూ వినలేదు. కళ్ళు తుడుచుకుని తాళం ఇచ్చేసింది. ఆ పెద్దాయన ఎవరో ఆవిడ అడగలేదు, ఇతను చెప్పలేదు. అడగని ప్రశ్నకు జవాబు రాస్తే మార్కులు రావని పిల్లలకు చెప్పే మనిషి కదా.

శనివారం తొమ్మిదికి ఉమామహేష్ వచ్చాడు. పోర్టులో క్రేన్ నడుపుతాడు, సంఘంలో రెండో సభ్యుడు. కేథరిన్ ఆస్పత్రిలో మార్నింగ్ డ్యూటీకి వెళ్ళిపోయింది. ఇద్దరూ స్పీకర్ను కంప్యూటర్‌కు తగిలించారు.

“బావ, సౌండు ఎంత పెట్టమంటావ్?” అన్నాడు ఉమామహేష్.

“మొత్తం పెట్టీ. ఇదేటి లాలిపాటా?”

మొత్తం పెట్టేశాడు. కిటికీ అద్దాలు వణికాయి. అల్మారాలో గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. కెన్నీ కళ్ళు మూసుకున్నాడు.

సరిగ్గా పైన, సన్యాసిరాజు పేపరు మడిచాడు. ముప్పై ఎనిమిదేళ్ళు ఉక్కు ఫ్యాక్టరీ రోలింగ్ మిల్లు మెయింటెనెన్సులో పనిచేసి, ఫోర్‌మన్‌గా రిటైరై, కొడుకు క్వార్టర్లో ఉంటున్నాడు. మిల్లులో ఆయన చెవికి పేరుండేది. స్క్రూడ్రైవర్ మొన యంత్రానికి ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని, ఎక్కడ అరిగిందో చెప్పేసేవాడు. రిటైరయ్యాక ఆ చెవికి పని లేకుండా పోయింది. ఇంట్లో మిక్సీ తప్ప వినడానికి ఏముంది.

“బేరింగు పోతన్నాది” అన్నాడు.

“ఎవులిది?” అంది భార్య నారాయణమ్మ వంటింట్లోంచి.

ఆయన అప్పటికే స్క్రూడ్రైవర్ తీసుకుని మెట్లు దిగుతున్నాడు. నీళ్ళ మోటారు దగ్గరికి వెళ్ళాడు, అది నిద్రపోతోంది. కెన్నీ ఇంటి గోడకు స్క్రూడ్రైవర్ ఆనించి విన్నాడు. లోపల పెద్ద యంత్రం, యాభై హార్స్‌పవర్‌కు తగ్గదు, ఏ క్షణమైనా బిగుసుకుపోయేలా ఉంది. కోచింగ్ మాస్టారి ఇంట్లో అంత యంత్రం ఎందుకుందన్నది తర్వాతి సంగతి. మిల్లులో మొదటి నియమం ముందు కరెంటు ఆపడం, తర్వాతే ఆలోచించడం. ఆయన మెట్ల కింద మెయిన్ స్విచ్ దించి, పెట్టెకు తన సైకిల్ తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

రొద ఠక్కున ఆగింది. తన రోగనిర్ధారణకు అంతకంటే సాక్ష్యం ఆయనకు అక్కర్లేదు.

కెన్నీ బయటికి పరిగెత్తుకొచ్చేసరికి ఆయన పెట్టె ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

“మావయ్యా, కరెంటు...”

“నానే తీసాను మేస్టారూ. షట్‌డౌన్‌లో ఉన్నాది. మీ లోపల మిషను బేరింగు పోనాది. ఇంకో పది నిమిషాలుంటే నిప్పంటుకున్ను.”

“మిషనేటి మావయ్యా, అది పాట.”

సన్యాసిరాజు అతన్ని జాలిగా చూశాడు. “పాటయితే పాడినోడేడి?”

ఈ ప్రశ్నకు ఇరవయ్యేళ్ళ అభిమానిగా కెన్నీ దగ్గర రెండు గంటల జవాబుంది. చెప్పడానికి టైము లేదు. ఉమామహేష్ కల్పించుకుని, “పెద్దాయనా, తాళం తీసీండి, బావకి ఫోనొత్తాది” అన్నాడు.

“నువ్వు పోర్టులో సేత్తన్నావు కదా, నీకు తెలీదేటి? తాళం ఏసినోడే తియ్యాల. లోపం దొరికి, బాగుసేసినాకే తియ్యాల. మా మిల్లులో ఒకడు తొందరపడి తీసీసినాడు. ఆడి సెయ్యి ఇప్పటికీ పైకి లెగదు.”

ఉమామహేష్ తల దించేసుకున్నాడు. పోర్టులోనూ అదే నియమం. ఈలోగా బ్లాకులో ఎనిమిది ఇళ్ళ వాళ్ళూ బయటికొచ్చారు. ఒకావిడ సగం రుబ్బిన పిండితో గిన్నె పట్టుకునే వచ్చింది. కరెంటు ఎందుకు పోయిందంటే మాస్టారింట్లో యంత్రమన్నారు. యంత్రమేమిటంటే, రెండో అంతస్తు చేరేసరికి అది మాస్టారు దొంగతనంగా పెట్టిన పిండిమిల్లయింది.

పది గంటలకు రెండు ఆటోలు వచ్చి ఆగాయి. దీవెనమ్మ దిగింది. ఆవిడ వెనక తెల్ల చీరల్లో, చేతుల్లో బైబిళ్ళతో ఏడుగురు స్త్రీల సమాజం సభ్యులు. ఒకావిడ చేతిలో ఉప్మా క్యారేజీ.

“దైవజనుడు ఎన్నింటికి లైన్లోకొత్తాడు బాబూ?” అంది దీవెనమ్మ.

కెన్నీ గోడకు జారబడ్డాడు. వచ్చేది దైవజనుడు కాదని చెబితే స్పీకర్ మాట వస్తుంది, స్పీకర్ మాట వస్తే కేథరిన్ దాకా వెళుతుంది. చెప్పకపోతే ఏడుగురు బైబిళ్ళతో కూర్చుని ‘నాలుగో షిఫ్ట్’ వినాలి. అతను చూసి చూసి, “పదిన్నరకత్తా” అన్నాడు.

కంప్యూటర్ చచ్చిపోయింది. వైఫై చచ్చిపోయింది. కెన్నీ ఫోన్‌కు ఇంట్లో సిగ్నల్ రాదు, మెట్ల దగ్గర మాత్రం వస్తుంది, అంటే సన్యాసిరాజు ముందు. పది ఇరవై అయింది. అతను వెళ్ళి ఆయన ముందు నేల మీదే కూర్చున్నాడు.

“మావయ్యా, నాకిది పాణంతో సమానం. ఇలాటి రోజు మళ్ళా రాదు. ఇనండి ఒకసారి” అని ఫోన్లో పాట పెట్టాడు.

సన్యాసిరాజు మొండివాడే గానీ రాయి కాదు. స్క్రూడ్రైవర్ మొన ఫోనుకు ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. బ్లాకంతా చూస్తోంది. ఏడుగురు స్త్రీలూ ఇది ప్రార్థనలో భాగమేమోనని తలలు వంచారు.

“ఇదే. డ్రైవ్ సైడు బేరింగు. గ్రీజు సుక్క నేదు. మిషనెక్కడుంది?”

“ఆస్ట్రేలియాలో.”

“ఎప్పటిది?”

“నలబై రెండేళ్ళ కిందటిది.”

ఆయన కళ్ళు తెరిచాడు. “నలబై రెండేళ్ళ బట్టీ ఇంతమంది ఇంటన్నారు. ఒక్కుడూ సెప్పనేదేటి?”

అప్పుడే ఫోన్ మోగింది. తెరమీద తెల్లగడ్డంతో బ్రామ్లీ దొర, చేతిలో టీ కప్పు. ఇరవయ్యేళ్ళుగా గోడమీద పోస్టర్లో చూసిన ముఖం కదులుతోంది. కెన్నీ నాలుగు పేజీలూ విప్పి, ఇంగ్లీషులో మొదలెట్టాడు, “సర్, మీ పాటలోని ఆ నిశ్శబ్దం మాకు...”

సన్యాసిరాజు ఫోన్ లాక్కున్నాడు.

“ఏవండీ, ఆ మిషను మీదేనా? బేరింగు పోనాదండీ. ఆపీండి.”

ఏమంటున్నారని బ్రామ్లీ అడిగాడు. కెన్నీ ఫోన్ వైపు వంగాడు. “ఈయన మీ పాటను చాలా ప్రేమిస్తున్నారట సర్” అన్నాడు ఇంగ్లీషులో.

మిల్లులో రష్యా వాళ్ళతోనూ జర్మనీ వాళ్ళతోనూ పనిచేసిన మనిషికి ఆ మాత్రం ఇంగ్లీషు రాదా. “నో లవ్” అన్నాడు సన్యాసిరాజు. “బేరింగ్ గాన్. డ్రైవ్ సైడ్. నో గ్రీజ్. ఫోర్ మినిట్, షాఫ్ట్ జామ్.”

బ్రామ్లీ టీ కప్పు కింద పెట్టాడు. కళ్ళజోడు తీశాడు. ఇరవయ్యేళ్ళ ఆరాధన మెట్ల మీద ఇలా ముగిసిందని కెన్నీ కళ్ళు మూసుకున్నాడు. ఉమామహేష్ అతని భుజం పట్టుకుని, “పోనీలే బావ” అన్నాడు.

కాసేపటికి ముసలాయన నవ్వు వినబడింది. మొదట చిన్నగా, తర్వాత దగ్గొచ్చేంత పెద్దగా.

ఆయన చెప్పింది కెన్నీ తెలుగులో అందరికీ చెప్పాడు. అది మూతపడిన కార్ఖానాలో పాత ప్రెస్సు. గ్రీజు పెట్టాలని వాళ్ళెవరికీ తెలీదు. నాలుగో నిమిషంలో షాఫ్టు బిగుసుకుపోయి పొగలొచ్చాయి. నలుగురూ బయటికి పారిపోయారు. టేపు మాత్రం ఇంకో నిమిషం తిరిగింది. నిశ్శబ్దం అదే. పాట బయటికొచ్చాక ఒక పత్రిక దాన్ని కార్మికుడి మౌనం అని రాసింది, ఇంకొకటి యంత్రయుగపు అంత్యక్రియలు అంది. పారిపోయామని చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నారు. నలభై రెండేళ్ళలో ఆ నిశ్శబ్దం గురించి వెయ్యిమంది అడిగారు గానీ, బేరింగు గురించి అడిగినవాడు ఈయనొక్కడే.

కెన్నీ నాలుగు పేజీలూ మడిచి జేబులో పెట్టుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ఆ తర్వాత పావుగంట ముసలాళ్ళిద్దరూ గ్రీజు గురించి మాట్లాడుకున్నారు. ఏ యంత్రానికి ఏది, ఎన్నాళ్ళకోసారి, చెవితో ఎలా పట్టాలి. స్క్రూడ్రైవర్ చెవిలో ఎలా పెట్టుకోవాలో సన్యాసిరాజు చూపిస్తే, ఆ దొర కూడా ఒకటి తెచ్చుకుని తన ఫ్రిజ్జుకు ఆనించి విన్నాడు. మందగించిన చెవికి అలా స్పష్టంగా వినబడుతోందని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. కెన్నీ పని తర్జుమా చేయడం. చేశాడు, ఒక్క మాట పోకుండా.

చెవులు పోతున్నాయన్న మాట వినగానే దీవెనమ్మ ముందుకొచ్చింది. దైవజనుడైతేనేం, కాకపోతేనేం, పెద్దాయనకు చెవులు బాలేవు కదా అని, ఫోన్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఏడుగురూ ఆమెన్ అన్నారు. బ్రామ్లీ కూడా తల వంచాడు.

లోపం యజమానే ఒప్పుకున్నాడు కాబట్టి సన్యాసిరాజు లేచి తాళం తీశాడు. ఫ్యాన్లు తిరిగాయి. బ్లాకంతా మళ్ళీ ఇళ్ళలోకి వెళ్ళింది. తెరమీద ఇంకో నిమిషమే మిగిలింది. నువ్వేమైనా చెప్పాలా అని దొర కెన్నీని అడిగాడు.

ఇరవయ్యేళ్ళు. నాలుగు పేజీలు. “థాంక్యూ సర్. మీరు ఆ టేపు ఆపకపోవడం మంచిదైంది” అన్నాడు కెన్నీ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముసలాయన చెయ్యెత్తి గుండెమీద పెట్టుకున్నాడు. తెర ఆరిపోయింది.

వారం తర్వాత బ్రామ్లీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది, విశాఖ సంఘానికి సన్యాసిరాజు గారిని అధ్యక్షుడిగా పెట్టుకోమని సలహా ఇస్తూ. కెన్నీ కాదనలేకపోయాడు. ఆయన ఒప్పుకుని, ప్రతి శనివారం కిందికి దిగి జీరో ఫౌండ్రీ పాటలన్నీ ఒక్కొక్కటే శ్రద్ధగా విన్నాడు.

వాటిలో పదకొండు యంత్రాలు బాగుచెయ్యొచ్చని, మిగిలినవి తుక్కుకి అమ్మెయ్యమని బ్రామ్లీకి రాసి పంపాడు.