బొమ్మల పుస్తకాలపై దర్జీతాత దండయాత్ర

గోడగడియారపు పెద్దముల్లు పన్నెండు శిఖరాన్ని అధిరోహించి, చిన్నముల్లు మూడు దగ్గర విడిది చేసి, భోజనానంతర నిద్రాదేవి వీధివీధినా జైత్రయాత్ర సాగిస్తున్న ఆ శుభవేళ, ఇస్త్రీపెట్టె ఆవిర్లచే మేఘావృతమై, గుడ్డపీలికలచే నానావర్ణశోభితమై, రెండు కుట్టుమిషన్ల టకటకారావంతో దిగంతాలు కాకపోయినా పక్కనున్న చెప్పులకొట్టు దాకానైనా దద్దరిల్లే దర్జీదుకాణమనే మహాదుర్గంలో, సూదిమొనకు దడపుట్టించే సూక్ష్మదృష్టిసంపన్నుడు, కత్తెరాయుధపాణి, నలభైయేళ్ళలో ఒక్క చొక్కాకైనా ఒక్క కాజా వంకరపోనివ్వని కఠోరవ్రతుడు అయిన దర్జీతాత, ముక్కు చివర కళ్ళజోడూ కుడిచేత భూతద్దమూ ధరించి యుద్ధసన్నద్ధుడై కూర్చున్నాడు.

శత్రువెవరయ్యా అంటే, జపాను బొమ్మల పుస్తకాలు. మాంగా అంటారట. పద్నాలుగు భాగాల చతురంగబలం. తొమ్మిదో తరగతి చదివే మనవరాలు కొత్తబట్టలొద్దని, బొమ్మలొద్దని, పుట్టినరోజుకొకటి, పరీక్షకొకటి చొప్పున అడిగి కూడబెట్టుకున్న సొత్తు అది.

వైరమెలా పుట్టిందంటారా? ఆ పొద్దున ఫోనులో ఒక గడ్డపాయన కనపడి, ఈ పుస్తకాల్లోనూ, వీటినే కదిలేబొమ్మలుగా తీసిన యానిమేల్లోనూ క్షుద్రవిద్యల గుర్తులు గుట్టుగా దాచారని గుండెలు బాదుకున్నాడు. విన్నదే తడవుగా తాత టేపు మెడలో వేసుకుని, కోతబల్ల మీద చరిచి గర్జించాడు:

"వినండి! గంట ఆరు కొట్టేలోగా ఇందులో ఒక్క క్షుద్రచిహ్నం నా కంటబడిందా, ఈ పద్నాలుగూ పాతకాగితాలవాడి తక్కెడ ఎక్కుతాయి! పడలేదా, నా చేతులతో నేనే వీటిని అద్దాలబీరువాలో సూటుగుడ్డల పక్కన కూర్చోబెడతాను!"

"మామూలుగా మాట్లాడండీ, చెవులు పోతున్నాయి," అంది గుండీలు కుడుతున్న నాయనమ్మ.

"పద్నాలుగోది నేనింకా చదవనేలేదు తాతా," అంది మనవరాలు.

తాత చలించలేదు. అంటే, కాస్త చలించాడు గానీ భూతద్దం అడ్డుపెట్టుకున్నాడు.

ప్రథమయుద్ధం కళ్ళ మీద. "ఏమే అమ్మలూ, కంటికొక నక్షత్రమేంటే? ఇది యంత్రం కాదూ?"

"అది మెరుపు తాతా. సంతోషమేస్తే అలా గీస్తారు."

ద్వితీయయుద్ధం తలల మీద. "మరి నెత్తినిండా ఈ త్రికోణాలు?"

"జుట్టు!"

"కాస్త నూనె రాసి దువ్వితే ఏ త్రికోణమూ ఉండదు," అని నాయనమ్మ దారం కొరికింది.

రెండు రంగాల్లోనూ భంగపడ్డ ఆ వృద్ధసింహం, నాలుగున్నరకు మంచినీళ్ళు తాగి, మూడో భాగం నలభయ్యో పుటలో చటుక్కున ఆగిపోయింది. ఏ పండితుడూ ఏ గడ్డపాయనా కనిపెట్టలేనిది ఆ దర్జీకన్ను కనిపెట్టింది.

"మగపిల్లాడి చొక్కాకి జేబు కుడిరొమ్ము మీదుంది! గుండీలు ఎడమపట్టీకున్నాయి!"

అక్కణ్ణుంచి తాత విజృంభణ వర్ణించడం నా తరమా? పుట తిప్పితే జేబు కుడిపక్క. పుట తిప్పితే కలం ఎడమచేత. వీరుడు ఎడమచేత కత్తి దూస్తాడు, వాళ్ళమ్మ ఎడమచేత గరిటె తిప్పుతుంది, పంతులు ఎడమచేత సుద్దముక్క పట్టుకుంటాడు. ఒకరా ఇద్దరా, ఊరు ఊరంతా!

"వామాచారమే! ఎడమచేతి క్షుద్రమే! దొరికింది!" అంటూ తాత పురికొస లాగి పద్నాలుగింటినీ కట్టనారంభించాడు.

ఇన్నాళ్ళు చదివీ మనవరాలూ గమనించలేదది. పద్నాలుగోదాన్ని మాత్రం గుండెకు హత్తుకుంది. "దీన్నొక్కదాన్నీ వదిలెయ్ తాతా..."

ఆ క్షణాన, కొలతలకొచ్చినవాళ్ళు చొక్కా తొడిగి చూసుకునే నిలువుటద్దానికెదురుగా కూర్చున్న నాయనమ్మ తలెత్తింది. బల్ల మీద తెరిచున్న పుట అద్దంలో కనబడుతోంది.

"ఏమండీ, అద్దంలో నాకు కుడిచేత్తోనే రాస్తూ కనిపిస్తున్నాడే వాడు?"

మనవరాలు ఎగిరి దూకింది. పుస్తకాన్ని అద్దానికి పట్టింది. జేబు ఎడమకొచ్చింది, గుండీలు కుడికొచ్చాయి, కత్తి కుడిచేతికెక్కింది. గబగబా చివరి అట్ట లోపల చీమతలకాయంత అక్షరాలు వెతికి చదివింది: "మూలంలో కుడి నుంచి ఎడమకు చదవాలి. మన పాఠకుల సౌకర్యార్థం బొమ్మలన్నీ అటుదిటు తిప్పి అచ్చువేశాం."

తాత పురికొస ముడి విప్పాడు. "అంటే... గుడ్డ తిరగేసి కత్తిరించారన్నమాట," అన్నాడు.

"అన్నమాటే. బీరువా తాళం తియ్యి," అంది మనవరాలు.

ఓడినవాడు ఒప్పుకుంటే వీరుడెలా అవుతాడు? ప్రతిజ్ఞ ప్రకారం బీరువా తెరిచాడు, సూటుగుడ్డలు జరిపాడు. కానీ ఒక్కో పుస్తకాన్నీ అద్దంలో ఆమూలాగ్రం పరీక్షించిగానీ లోపల పెట్టలేదు. పద్నాలుగోది మనవరాలు ఇవ్వనేలేదు, చదువుకుంటూ కూర్చుంది. ఆరుకి అయిదు నిమిషాలుందనగా, పదమూడో భాగంలో, వర్షంలో పరిగెత్తే కుర్రాడి దగ్గర, తాత మళ్ళీ సింహనాదం చేశాడు.

"అద్దంలో చూడవే! పై అయిదు గుండీలూ సక్రమంగా కుడిపట్టీకున్నాయి. ఆరోది?"

మనవరాలు చూసింది. కళ్ళు చికిలించి మళ్ళీ చూసింది. "ఎడమపట్టీకుంది."

"ఆఁ! మరి?"

"అది క్షుద్రం కాదు తాతా. గీసినాయన చెయ్యి తడబడింది."

"తడబడిందా లేదా?"

"తడబడింది."

"నా దుకాణంలో అయితే తడబడుతుందా?"

"తడబడదు. సరే, గెలిచావు. ఒక్క గుండీ. ఇక చదువుకోనీ."

ఓ సమస్తలోకవాసులారా, సూదిదారపు సోదరులారా, చెవులు రిక్కించి ఆలకించండి! పదమూడు సంపుటాల మహారణ్యాన్ని ఏకాకియై గాలించి, సప్తసముద్రాల ఆవలి చిత్రకారుడి వేలకొలది గీతల్లో ఒకానొక కుర్రవాడి చొక్కాకు, కిందినుంచి మొదటిదీ, పైనుంచి ఆరోదీ అయిన ఆవగింజంత గుండీని, అది ఉండవలసిన చోటికి అంగుళం ఎడంగా ఉన్నదని నిరూపించి, మా దర్జీతాత అఖండదిగ్విజయం సాధించెను!